పార్టులన్నీ కొత్తవే, ఫోర్క్ మాత్రం కదలదు: పాత మోటార్‌సైకిల్ ముందు చక్రం, ఫోర్క్ తిరిగి బిగించిన ఒక కేస్

బండి, దాని గతం

1960ల నాటి బ్రిటిష్ సింగిల్ సిలిండర్, 500 సీసీ. ముందు టెలిస్కోపిక్ ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని, గతుకుల మీద ఒకదానిలో ఒకటి జారే గొట్టాల కాళ్లు), 19 అంగుళాల చువ్వల చక్రం, డ్రమ్ బ్రేక్. కంపెనీ పేరు, మోడల్, యజమాని వివరాలు ఇక్కడ రాయడం లేదు. ఈ రకం ఫోర్క్ ఆ కాలపు బళ్లలో చాలావాటికి ఉంది కాబట్టి పేరు తెలియకపోయినా విషయం అర్థమవుతుంది.

దీని నిర్మాణం ముందే రెండు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే తప్పులన్నీ అందులోంచే వచ్చాయి. ఫోర్క్ పైపుల పై కొస కొద్దిగా సన్నబడి, టేపర్‌గా ఉంటుంది. అది పై టీలో (రెండు పైపులనూ కలిపి పట్టే అడ్డ పలకలు టీలు, పైన ఒకటి, కింద ఒకటి) ఉన్న టేపర్ రంధ్రంలోకి వెళ్లి కూర్చుంటుంది. పైన ఉన్న టాప్ నట్ బిగిస్తే పైపు పైకి లాగబడి టేపర్‌లో ఇరుక్కుంటుంది. కింది టీలో టేపర్ లేదు. అక్కడ పించ్ బోల్ట్ పైపును నొక్కి పట్టుకుంటుంది. అడుగున బాటమ్ కేసులు పైపుల మీద జారుతూ ఉంటాయి. యాక్సిల్‌కు (చక్రం ఇరుసుకు) ఒక పక్క నట్, రెండో పక్క బాటమ్ కేసులో మళ్లీ ఒక పించ్ బోల్ట్. బాటమ్ కేసులు రెండిటినీ కలుపుతూ మడ్‌గార్డ్ బ్రిడ్జి.

బండి చాలా ఏళ్లు మూలన పడి ఉంది. ఆయిల్ సీళ్లు కారుతున్నాయని యజమాని ముందు భాగమంతా విప్పేశారు. విప్పాం కదా అని పైపులు, బుష్‌లు (పైపు జారే చోట ఉండే గొట్టపు తొడుగులు), సీళ్లు, రిమ్, చువ్వలు అన్నీ కొత్తవి తెప్పించారు. ఫ్రేమ్‌కు రంగు వేయించారు. తుప్పు తిన్న మడ్‌గార్డ్ బ్రిడ్జి బదులు కొత్తగా తయారైన కాపీ పార్టు కొన్నారు. చక్రానికి చువ్వలు వేరే చోట కట్టించారు. బిగింపు మాత్రం సొంతంగా, ఇంకో మెకానిక్ సాయంతో చేసుకున్నారు.

వచ్చినప్పుడున్న సమస్య

ఫిర్యాదులు నాలుగు. గతుకు మీద ఫోర్క్ కిందికి దిగితే సగంలోనే ఆగిపోతోంది, వెంటనే లేవడం లేదు. నెమ్మదిగా నడుపుతుంటే హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది, నేరుగా పోవడానికి ఎప్పుడూ సరిచేస్తూ ఉండాలి. ముందు బ్రేకు పట్టగానే ‘టక్’ మని దెబ్బ. హ్యాండిల్ మీద పట్టు వదులు చేస్తే బండి ఒక పక్కకు పోతోంది.

"కొత్తవన్నీ వేశాం కదండీ, ఇంకా ఏం మార్చాలి?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఏదీ మార్చకుండానే చాలావరకు సరిపోవచ్చని చెప్పాను. చెప్పినదానికి ఆయన ముఖంలో నమ్మకం కనబడలేదు.

నా దగ్గరికి రాకముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. ఫోర్క్ ఆయిల్‌ను ఎస్ఏఈ 20 నుంచి 10కి మార్చారు. పల్చటి ఆయిల్ అయితే త్వరగా లేస్తుందన్న ఆలోచన. దానితో తేడా రాకపోయేసరికి స్ప్రింగుల పైన స్పేసర్లు పెట్టి బలం పెంచారు. ఫోర్క్ కొంచెం ఎత్తుగా నిలబడింది, పట్టేయడం మాత్రం పోలేదు.

రెండూ అర్థం లేని పనులు కావు, కానీ వాటికి ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. ఆయిల్ అడ్డు వేగం మీద ఆధారపడుతుంది. ఫోర్క్ వేగంగా కదిలితే ఆయిల్ గట్టిగా ఆపుతుంది, నెమ్మదిగా కదిలితే దాదాపు ఆపదు, కదలిక ఆగిపోతే దాని అడ్డు సున్నా. అంటే ఆయిల్ చిక్కగా ఉన్న ఫోర్క్ ఆలస్యంగానైనా పూర్తిగా లేస్తుంది. రాపిడి వల్ల పట్టేసిన ఫోర్క్ ఎంతసేపు చూసినా అక్కడే ఉంటుంది. కాబట్టి ముందు భాగాన్ని చేత్తో కిందికి నొక్కి, మెల్లగా వదిలి, ఎక్కడ ఆగిందో కొలిచాను. తర్వాత పైకి లాగి, మెల్లగా వదిలి, మళ్లీ కొలిచాను. రాపిడి తక్కువగా ఉంటే ఈ రెండు కొలతలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇక్కడ తేడా 24 మిల్లీమీటర్లు. ఇది ఆయిల్ చేసే పని కాదు.

ఇంకో చిన్న గమనిక తర్వాత చాలా పనికొచ్చింది. మొదటి రెండు మూడు సెంటీమీటర్లు ఫోర్క్ బాగానే కదులుతోంది. దిగేకొద్దీ బిగుసుకుంటోంది. పైపు వంగి ఉంటే పట్టేయడం ఆ వంపు ఉన్నచోట కనబడుతుంది. బుష్ టైట్‌గా ఉంటే మొత్తం పొడవునా ఒకేలా ఉంటుంది. దిగేకొద్దీ పెరుగుతోందంటే రెండు కాళ్లు సమాంతరంగా లేవని అనుమానించాలి. అడుగున కాళ్లు నాలుగు మిల్లీమీటర్లు దగ్గరకు లాగబడ్డాయనుకోండి. ఫోర్క్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు ఆ నాలుగు మిల్లీమీటర్లు పొడవాటి దూరంలో సర్దుకుంటాయి. ఫోర్క్ దిగితే టీ నుంచి యాక్సిల్‌కు దూరం తగ్గుతుంది, అదే తేడాకు వంపు కోణం పెరుగుతుంది. పైగా ఫోర్క్ దిగేకొద్దీ పై బుష్‌కు, కింది బుష్‌కు మధ్య దూరం ఎక్కువవుతుంది కాబట్టి వంకరగా సర్దుకునే వెసులుబాటు కూడా పోతుంది. ఒక పక్కే పట్టి లాగిన సొరుగు ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటుంది.

టెలిస్కోపిక్‌కు ముందు ఉన్న, గొట్టాలు జారకుండా లింకుల మీద కదిలే గర్డర్ ఫోర్కుల్లో ఈ బాధ లేదు. లింకులు, బుష్‌లు అన్నీ బయటే ఉండేవి, ఎక్కడ వంకరుందో కంటికే కనబడేది. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12తో హైడ్రాలిక్ డంపింగ్ ఉన్న టెలిస్కోపిక్ ఫోర్క్ మార్కెట్లోకి వచ్చింది, బ్రిటన్‌లో 1941లో మ్యాచ్‌లెస్ టెలిడ్రాలిక్ వచ్చింది. ప్రయాణం సుఖంగా మారింది, తప్పులు మాత్రం గొట్టాల్లో దాక్కున్నాయి.

విప్పకముందు చూసినవి

ఇంజిన్ కింద దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాను. హ్యాండిల్‌ను నేరుగా ఉంచి వేలితో కొంచెం కదిపితే చక్రం తన బరువుకు తానే ఒక పక్కకు పడిపోవాలి. ఇది పడలేదు. నేరుగా ఉన్నచోటే ఏదో గుంటలో కూర్చున్నట్టు ఆగింది, బలం పెడితే అందులోంచి బయటికొచ్చింది. హెడ్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) రేసుల్లో, అంటే బాల్స్ దొర్లే గుండ్రటి దారుల్లో, బాల్స్ గుంటలు పడేశాయని దీన్నిబట్టే తెలుస్తుంది. యజమాని మార్చనివి ఇవే. బయటికి కనబడవు, గ్రీజు కారవు, ఎవరికీ గుర్తు రావు. నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ ఊగడానికి కారణం ఇదే అయి ఉండాలి. నేరుగా పోవడానికి మనకు తెలియకుండానే హ్యాండిల్‌ను అటూ ఇటూ చాలా చిన్నగా తిప్పుతూ ఉంటాం. గుంట ఆ చిన్న కదలికను ఆపి, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేస్తుంది.

బ్రేకు దెబ్బ మాత్రం హెడ్‌ది కాదనిపించింది, ఎందుకంటే హెడ్ వదులుగా లేదు, ఉండాల్సిన దానికంటే బిగువుగా ఉంది. ఒకరిని ముందు బ్రేకు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపమని, నేను ఒక్కో కీలు మీద వేలి కొస పెట్టి చూశాను. కింది రేసు దగ్గర కదలిక లేదు. బాటమ్ కేసుకూ పైపుకూ మధ్య కొత్త బుష్‌కు ఉండాల్సినంతే ఉంది. బ్రేకు ప్లేటు (బ్రేకు షూలను మోసే పలక) గాడి, బాటమ్ కేసు మీద అది ఇరుక్కునే కొమ్ము, రెండూ బిగువుగానే ఉన్నాయి. పై టీ దగ్గర ఎడమ పైపు మీద వేలు పెడితే టక్కుమని తగిలింది. టాప్ నట్ చూస్తే రాయిలా బిగిసి ఉంది!

ఇక పక్కకు లాగడం. రిమ్‌కూ ఒక్కో కాలికీ మధ్య సందు ఒక పక్క 38, రెండో పక్క 48 మిల్లీమీటర్లు. ఇది చూడగానే స్పోక్ కీ (చువ్వలు బిగించే పానా) తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోలేదు. కాళ్లే సమాంతరంగా లేవన్న అనుమానం ఉన్నప్పుడు కాళ్ల నుంచి రిమ్‌కు కొలిచిన అంకెలను నమ్మకూడదు. ముందు ఫోర్క్ సరిచేసి, తర్వాతే చక్రం సంగతి చూడాలని నిర్ణయించుకున్నాను.

చేసి చూసినవి, పూర్తిగా పని చేయనివి

ఏదీ విప్పకుండా చేయగలిగినది మొదట చేశాను. యాక్సిల్ పించ్ బోల్ట్ వదులు చేసి, నట్ బిగించే ఉంచి, బండిని నేల మీద నిలబెట్టి ఫోర్క్‌ను గట్టిగా కిందికీ పైకీ ఊపడం. పించ్ పక్క బాటమ్ కేసు యాక్సిల్ మీద జారి తనకు కావాల్సిన చోట ఆగుతుంది. అప్పుడు పించ్ బిగించాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బాటమ్ కేసును సుత్తితో హబ్ (చక్రం మధ్య భాగం) దాకా తట్టి, అందంగా ఆనిందనుకుని పించ్ బిగించేస్తారు. ఈ బండికీ అలాగే చేసినట్టు యాక్సిల్ మీద మెరుపు గుర్తే చెప్పింది.

ఇందాకటి తేడా 24 నుంచి 15 మిల్లీమీటర్లకు వచ్చింది. మెరుగే, కానీ సరిపోదు. దిగేకొద్దీ బిగుసుకోవడం అలాగే ఉంది. దీన్నిబట్టి ఒక సంగతి తేలింది: పించ్ వదిలినా కాలు తనంతట తాను సర్దుకోలేకపోతోంది, దాన్ని ఇంకేదో పట్టుకుని ఉంది.

హెడ్‌ను కొంచెం వదులు చేసి చూశాను. గుంట అలాగే ఉంది, పైగా కొత్తగా ఆట (వదులు కదలిక) మొదలైంది. గుంట పడ్డ రేసులకు సరైన సర్దుబాటు అంటూ ఏదీ ఉండదు. గుంటలో బాల్స్ వదులుగా ఉన్నప్పుడు పక్కన బిగువుగా ఉంటాయి. కప్పులను (ఫ్రేమ్‌లో కూర్చునే రేసులను) కొంచెం తిప్పి పెడితే గుంటలు వేరే చోటికి పోతాయి, తాత్కాలికంగా నడుస్తుంది అని కొందరు చేస్తారు. నేను ఒప్పుకోలేదు. హెడ్ రేసులు మార్చాలంటే ఎలాగూ ఫోర్కంతా దించాలి. దించాక పాతవే తిప్పి పెట్టడంలో మిగిలేదేమీ లేదు.

విప్పుతూ తెలుసుకున్నది

విప్పేటప్పుడు ఒక్కొక్కటీ తీసి, తీసిన ప్రతిసారీ ఫోర్క్ ఎలా కదులుతోందో చూడటం నా పద్ధతి. అన్నీ ఒకేసారి బల్ల మీద పరిస్తే ప్రతి పార్టూ బాగానే కనబడుతుంది. తప్పు పార్టులో కాకుండా పార్టుల మధ్య ఉన్నప్పుడు బల్ల మీద అది దొరకదు.

స్ప్రింగులు, ఆయిల్ తీసేశాను. టాప్ నట్ కింద స్ప్రింగు నొక్కి ఉంటుంది కాబట్టి చివరి చుట్టులో జాగ్రత్త, ఈ బండిలో అదనపు స్పేసర్లు కూడా ఉన్నాయి. చక్రం కింద చిన్న జాకీ పెట్టి మెల్లగా లేపితే ఫోర్క్ మొత్తం పొడవునా ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. స్ప్రింగు అడ్డు లేదు, ఆయిల్ అడ్డు లేదు, ఉన్నదంతా రాపిడే. సగం దాటాక జాకీ పిడి బరువెక్కింది.

తర్వాత మడ్‌గార్డ్ బ్రిడ్జి బోల్టులు తీశాను. చివరి బోల్టు బయటికొస్తుంటే బాటమ్ కేసు పక్కకు జరగడం కంటికే కనబడింది. మళ్లీ జాకీతో లేపితే సగం దాటినా బరువెక్కలేదు. బ్రిడ్జి రంధ్రాల మధ్య దూరం కొలిస్తే కాళ్ల మధ్య ఉండాల్సిన దానికంటే 4 మిల్లీమీటర్లు తక్కువ. చక్రం లేకుండా వేలాడుతున్న బాటమ్ కేసులకు దాన్ని ముందే బిగించేశారు. కేసులు ఆ సమయంలో ఎటు లాగితే అటు వస్తాయి కాబట్టి బోల్టులు సులభంగానే పడ్డాయి. ఆ తర్వాత యాక్సిల్ పించ్‌ను ఎంత సరిగ్గా చేసినా కాళ్లు దగ్గరగానే ఉంటాయి. మడ్‌గార్డ్‌ను ఎవరూ ఫోర్క్‌లో భాగమనుకోరు. బాటమ్ కేసులు రెండిటినీ కట్టిపడేసే రెండో యాక్సిల్ అదే.

ఇక ఎడమ పైపు. కింది టీ పించ్ బోల్ట్ వదులు చేసి, పైన టాప్ నట్‌ను మళ్లీ బిగించాను. రాయిలా ఉన్న నట్ ఇంకా తిరిగింది, పైపు రెండు మిల్లీమీటర్లు పైకి లేచి టేపర్‌లో కూర్చుంది. జరిగింది ఇది: కింది పించ్‌ను ముందు బిగించేశారు. ఆ తర్వాత టాప్ నట్ ఎంత తిప్పినా పైపు లేవలేదు, కింద దాన్ని పట్టుకుని ఉన్నారు కాబట్టి. నట్ బిగిసింది, టేపర్ బిగియలేదు. బ్రేకు పట్టినప్పుడల్లా పైపు పై కొస ఆ సందులో అటూ ఇటూ కొట్టుకుంది. పానాకు తగిలే బిగువు చూసి మోసపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

హెడ్ విప్పితే అనుకున్నట్టే కింది రేసులో వరసగా గుంటలు. అనుకోనిది ఇంకోటి: పై కప్పు కూర్చునే చోట కొత్త రంగు పొర. రంగు మీద కూర్చున్న కప్పు నడిచేకొద్దీ కిందికి నలుగుతుంది, హెడ్ వదులవుతూ ఉంటుంది, మనం బిగిస్తూ ఉంటాం. బహుశా అందుకే అంత బిగువుగా ఉంచారు.

పని చేసిన క్రమం

కప్పులు కూర్చునే చోట రంగు గీకి లోహం దాకా తెచ్చాను. కొత్త కప్పులను వంకర పోకుండా చుట్టూ సమానంగా తట్టి దింపి, అంచు కింద సన్నటి ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) దూరడం లేదని చూసుకున్నాను. బాల్స్ సంఖ్య మాన్యువల్ చెప్పినంతే పెట్టాలి. పెట్టాక కొంచెం ఖాళీ మిగిలితే ఇంకోటి తోసేయాలనిపిస్తుంది, అది చేయకూడదు, బాల్స్‌కు తిరగడానికి చోటు కావాలి.

పైపులను వీ బ్లాకుల (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మల) మీద తిప్పి, వంపు ఉందేమోనని డయల్ గేజ్‌తో చూశాను. కొత్తవి కదా అని వదిలేయకుండా చూడటం మంచిదైంది, రెండూ నేరుగానే ఉన్నాయి, ఆ అనుమానం తీరింది. వాటిని టీలలో పెట్టి, టాప్ నట్లతో టేపర్‌లోకి లాగి, కింది పించ్‌లు వదులుగానే ఉంచాను. కింది టీకి దిగువన రెండు పైపుల మీదా అడ్డంగా మందపాటి గాజు పలక ఆనించి చూశాను. నాలుగు మూలలా ఆనితే రెండు పైపులూ ఒకే తలంలో ఉన్నట్టు. ఒక మూల కొంచెం ఊగింది. టీలు ఒకదానికొకటి మెలితిరిగి ఉన్నాయి, వంగలేదు. వంగి ఉంటే బల్ల పని కాదు, ప్రెస్సు కావాలి. మెలి మాత్రమే అయితే అన్నీ వదులుగా ఉన్నప్పుడు చేత్తోనే సర్దుకుంటుంది. సర్దాక గాజు ఊగలేదు.

ఇక్కడ ఒక క్రమం తప్పకూడదు. ఈ రకం ఫోర్క్‌లో పైపులు పై టీకి టేపర్‌తో కట్టుబడి ఉంటాయి. హెడ్ సర్దుబాటు చేసినప్పుడు పై టీ కొద్దిగా కిందికి రావాలి, దానితోపాటు పైపులూ కింది టీలో జారాలి. కింది పించ్‌లు బిగించి ఉంటే అవి జారవు, రేసుల మీద పడాల్సిన ఒత్తిడి పైపుల మీద పడుతుంది, పానాకు మాత్రం హెడ్ బిగిసినట్టే తెలుస్తుంది. అందుకే వరస ఇది: మొదట టేపర్లు, తర్వాత హెడ్, ఆ తర్వాతే కింది పించ్‌లు. హెడ్ సర్దేటప్పుడు స్టెమ్‌ను (రెండు టీలను కలిపే నిలువు ఇరుసును) పట్టుకునే పించ్ కూడా వదులుగా ఉండాలి. అన్నీ బిగించాక ఆట, బిగువు మళ్లీ చూడాలి. చివరి బోల్టుతో సర్దుబాటు కొంచెం మారడం మామూలే.

బుష్‌లు, సీళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పైపు కొస పదునుకు సీల్ పెదవి చిరగకుండా పల్చటి టేపు చుట్టి, ఆయిల్ రాసి ఎక్కించాను. సీల్‌లో చిన్న స్ప్రింగు ఉన్న ముఖం ఆయిల్ వైపుకు ఉండాలి.

బాటమ్ కేసులు ఒట్టిగా ఎక్కించాక ఒక్కోటీ తన బరువుకు జారుతోందా చూశాను, జారింది. తర్వాత చక్రం లేకుండా యాక్సిల్ ఒక్కటే రెండు కేసుల్లోంచి తోశాను. రెండు వేళ్లతో నెడితే పోవాలి. సుత్తి కావాల్సి వస్తే మళ్లీ గాజు పలక దగ్గరికి వెళ్లాల్సిందే. ఇది పోయింది.

ఇప్పుడు చక్రం. కాళ్ల సంగతి నమ్మకంగా తెలిసింది కాబట్టి సందులు మళ్లీ కొలవచ్చు. తేడా ఇంకా 10 మిల్లీమీటర్లే, అంటే రిమ్ 5 మిల్లీమీటర్లు పక్కకు ఉంది. చువ్వలు కట్టినవారు రిమ్‌ను హబ్ ఫ్లాంజీలకు (చువ్వలు తగిలించే రెండు అంచులకు) సరిగ్గా మధ్యలో పెట్టారు. రెండు పక్కలా ఒకేలా ఉండే హబ్‌కు అది సరిపోతుంది. ఒక పక్క డ్రమ్ ఉన్న హబ్‌కు సరిపోదు. అక్కడ రిమ్ ఉండాల్సింది ఫోర్క్ కాళ్ల మధ్యలో, ఫ్లాంజీల మధ్యలో కాదు. పని చాలా నేర్పుగా చేశారు, అవుట్ (తిరిగేటప్పుడు రిమ్ పక్కకు ఊగడం) అర మిల్లీమీటరు కూడా లేదు. వాళ్లకు చక్రం ఒక్కటే ఇచ్చారు, ఫోర్క్ కొలతలు ఎవరూ ఇవ్వలేదు. తప్పు అక్కడుంది.

వాషర్లతో చక్రాన్నే పక్కకు జరపవచ్చు కదా అని యజమాని అడిగారు. జరిపితే బ్రేకు ప్లేటు కూడా జరుగుతుంది, దాని గాడిలో కొమ్ము పూర్తిగా కూర్చోదు. ఈ ఫోర్క్‌లో బ్రేకు బలమంతా మోసేది ఆ కొమ్మే. అది గాడిలో లేకపోతే మొదటిసారి బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి కేబుల్‌ను చుట్టేసుకుంటుంది, చక్రం జామ్ అవుతుంది. అందుకే చువ్వలనే సర్దాలని నిర్ణయం. రిమ్ ఏ పక్కకు రావాలో ఆ పక్క ఫ్లాంజీ చువ్వలు బిగిస్తూ, రెండో పక్కవి అంతే వదులు చేస్తూ, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున మొత్తం చక్రం తిరిగొచ్చాను. మధ్యలోకి వచ్చాక అవుట్ తీశాను. బిగించిన పక్క చువ్వల కొసలు నిపుల్ (రిమ్ దగ్గర చువ్వను పట్టే చిన్న నట్) దాటి బయటికొచ్చాయి, ట్యూబు గుచ్చుకోకుండా వాటిని రాకేశాను. వదులు చేసిన పక్క నిపుల్‌లో మర సరిపడా పట్టుకుందో లేదో చూశాను. చాలకపోతే ఆ పక్కకు పొడవైన చువ్వలు తెప్పించాల్సి వచ్చేది.

చక్రం ఎక్కించి, బ్రేకు ప్లేటు గాడిలో కొమ్ము కూర్చుందని టార్చి వేసి చూసుకుని, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి యాక్సిల్ నట్ బిగించాను. అలా పడితే షూలు డ్రమ్‌కు మధ్యలో సర్దుకుంటాయి. దించి ఫోర్క్ ఊపి, అప్పుడు పించ్.

అన్నిటికంటే చివర మడ్‌గార్డ్ బ్రిడ్జి. బోల్టులు చేత్తో దూరాలి, లాగి దూర్చకూడదు. దూరలేదు, 4 మిల్లీమీటర్ల తేడా అలాగే ఉంది కదా. బ్రిడ్జి కాళ్లను కొంచెం విప్పదీయవచ్చు, కానీ వంచిన రేకు మళ్లీ పాత రూపానికి రావాలని చూస్తుంది, కొద్దిగానైనా కాళ్లను లాగుతూనే ఉంటుంది. రంధ్రాలను పొడుగ్గా రాకి, వెడల్పాటి వాషర్లు వేశాను. ప్రతి బోల్టు బిగించాక ఒకసారి ఫోర్క్ ఊపాను. బిగువు పెరిగినట్టు అనిపించలేదు.

ఎస్ఏఈ 20 ఆయిల్ తిరిగి పోసి, స్పేసర్లు తీసేసి, మొదటి పరీక్ష మళ్లీ చేశాను. నొక్కి వదిలినప్పుడు, లాగి వదిలినప్పుడు వచ్చిన కొలతల మధ్య తేడా 6 మిల్లీమీటర్లు. కొత్త సీళ్లు, కొత్త బుష్‌లు ఉన్నప్పుడు అంత రాపిడి ఉంటుంది, నడిస్తే ఇంకా తగ్గుతుంది.

మొదటి పరుగు ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, బ్రేకు అంచెలంచెలుగా పడుతూ. హ్యాండిల్ ఊగలేదు, దెబ్బ లేదు, పక్కకు లాగలేదు. కొంత దూరం నడిచాక హెడ్‌లో చాలా కొద్దిగా ఆట వచ్చింది, కొత్త కప్పులు సర్దుకున్నాయి. ఇందాకటి వరసలోనే మళ్లీ సర్దాను. చువ్వలను ఒక్కోటీ తట్టి చూస్తే రెండు వదులయ్యాయి, బిగించాను.

ఈ కేస్ తర్వాత నేను మార్చుకున్నవి

ముందు భాగం ఫిర్యాదుతో బండి వస్తే ఇప్పుడు ఏ పార్టు మార్చారని అడగడంతో ఆపను. ఏ వరసలో బిగించారని అడుగుతాను. జవాబు చాలాసార్లు "చేతికి ఏది దొరికితే అది" అని వస్తుంది, అక్కడే సగం దారి దొరుకుతుంది. నాలుగు ఫిర్యాదుల్లో పట్టేయడానికీ, బ్రేకు దెబ్బకూ తొందరపడి ముందే బిగించిన బోల్టులే కారణం. అవి బిగియడంతో మిగతా తప్పులు కూడా వాటి వెనక దాక్కున్నాయి. బ్రిడ్జి కొలత తప్పని మొదటే తెలియాల్సింది, కానీ వదులుగా వేలాడే కాళ్లు దానికి లొంగిపోయాయి.

కాపీ పార్టులు వాడొద్దని నేను చెప్పను. అరవై ఏళ్ల బండికి చాలావాటికి అవే దిక్కు. వాటిని బిగించకముందు కొలవాలి, అంతే. పాత బ్రిడ్జి తుప్పు పట్టినా పారేయకుండా ఉంచి ఉంటే రంధ్రం మీద రంధ్రం పెట్టి చూడటం ఒక్క నిమిషం పని. రిమ్ మార్చేవారైతే పాత చక్రం విప్పకముందే డ్రమ్ అంచు నుంచి రిమ్ అంచుకు కొలిచి రాసుకుని, ఆ అంకెను చువ్వలు కట్టేవారికి ఇవ్వాలి.

యాక్సిల్‌ను పించ్ బోల్ట్ బదులు రెండు పక్కలా అడుగున టోపీల్లాంటి క్యాపులతో పట్టే ఫోర్కులు కూడా ఆ కాలంలో చాలా ఉన్నాయి. వాటిలో కాలు యాక్సిల్ మీద జారి సర్దుకోవడానికి రెండు క్యాపులూ వదులుగా ఉన్నప్పుడే ఫోర్క్ ఊపాలి, తర్వాత ఒక్కో నట్‌నూ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాలి. క్యాపుకూ కేసుకూ మధ్య ముందూ వెనకా సందు సమానంగా కనబడాలి. ఒక అంచు పూర్తిగా మూసుకుని రెండో అంచు తెరిచి ఉంటే క్యాపు ఏటవాలుగా కూర్చుందన్నమాట, వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. మడ్‌గార్డ్ మాత్రం అక్కడా చివరే.